మందు పంపు, రాయమల్లు మేస్త్రి

ఉదయం ఆరుంబావుకు ఖాజా మొహినుద్దీన్ మరుగుతున్న పాలలో చాయ్‌పత్తా వేసి మంట తగ్గించాడు. 1983 సెప్టెంబరు, శనివారం. హన్మకొండ సుబేదారిలో ఆయన హోటల్ అంటే రేకుల కప్పు, రెండు బల్లలు. బంగళాల తోటలు చూసే కాంట్రాక్టరు వెంకట్రాజం దగ్గర పనిచేసేవాళ్లు రోజూ అక్కడ చాయ్ తాగి పనికి పోతారు. ఆ పూట నలుగురు వచ్చారు. మేస్త్రి రాయమల్లు, గడ్డి కోసే మిషన్ నడిపే పోశయ్య, మందు కొట్టే సాంబయ్య, అతని భార్య మల్లక్క.

సాంబయ్య మంగళవారం ఒక బంగళాలో గులాబీలకు పురుగుమందు కొట్టాడు. వీపుకు కట్టుకున్న పంపు నాజిల్ మూసుకుపోయినప్పుడల్లా, ఈ పనిలో అందరూ చేసేట్టే, దాన్ని విప్పి నోటితో ఊదాడు. పొద్దుగూకే సరికి కళ్లకు మసక కమ్మింది. నోట్లో చొంగ ఆగలేదు. వాంతులు పట్టుకున్నాయి. దవాఖానలో పడుకోబెట్టారు. నిన్ననే ఇంటికి వచ్చాడు. చాయ్ గ్లాసు పట్టుకుంటే ఇంకా చెయ్యి వణుకుతోంది.

ఏడింటికి మళ్లీ అదే పంపు కట్టుకోవాలన్నాడు మేస్త్రి. ఆ బంగళాలో వచ్చే వారం పెళ్లి ఉంది, గులాబీలకు పట్టిన పురుగు వదల్లేదు. సాంబయ్య కట్టుకోకపోతే కూలీల అడ్డా మీది నుంచి ఇంకొకడిని తెచ్చుకుంటానన్నాడు. మల్లక్క కాదనలేదు. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ, నాజిల్‌లో పొడవడానికి సన్నతీగ, చేతులు కడుక్కోవడానికి సబ్బు అడిగింది.

రాయమల్లు గ్లాసు బల్ల మీద పెట్టి, కాలు మీద కాలేసుకున్నాడు.

“తొడుగులట, తీగెలట, సబ్బులట. ఇనీ ఇనీ నా తల్కాయ పలుగుతాంది మల్లక్కా. తోటపనికి పోతున్నరా, పెండ్లికి పోతున్నరా? నేను గీ పనిల జేరినప్పుడు ఒంటి మీద గోచి, నెత్తి మీద తువ్వాల, గంతే. డెబ్బై రెండుల కాజీపేటల రైల్వే ఆఫీసర్ల బంగళాల కాడ పొద్దుగాల షురువు జేస్తే పొద్దుమీకే వరకు ఒక్కన్నే ఆరు బంగళాల కంచెకు మందు గొట్టిన. తొడుగుల్లెవ్వు, గుడ్డ లేదు. ఇంటికొచ్చి తానం జేసి, చింతకాయ తొక్కు ఏసుకొని బువ్వ తిన్న. ఏమైంది నాకు? నడుం గట్టిగుంది, పండ్లు గట్టిగున్నయ్.”

“మొన్న నాలుగు బంగళాలే అన్నవ్ గద మేస్త్రీ,” అన్నాడు పోశయ్య.

“నాలుగు పెద్దయి, రెండు చిన్నయి. చెప్పేటిది ఇను. ఆఖరు బంగళాల నాజిల్ మూస్కపోయింది. ఊదిన, పోలే. ఇంకింత దమ్ము పట్టి ఊదిన, పోలే. నాకు కోపం రాదా? ఊదుడు బందువెట్టి గుంజిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పంపుల ఉన్న మందు మొత్తం సర్రున నోట్లెకొచ్చింది. ఉమ్మేద్దామంటే ముంగట ఆఫీసరు భార్య కుర్చీల కూసొని పేపరు సదువుతాంది. ఆడమనిషి ముంగట ఉమ్మితే ఏం మర్యాద? మింగిన. సల్ల తాగినట్టు గటగట మింగి మూతి తుడుసుకున్న. ఒక్క తేన్పు వచ్చింది. గా తేన్పుకు మామిడి కొమ్మకున్న కందిరీగల తుట్టె అట్లనే కింద వడ్డది. గామె పేపరు మడిచి, ‘రాయమల్లూ, కొంచెం గేటు దిక్కు తిరిగి తేన్చు’ అన్నది.”

“మా ఆయన మింగలే, ఉత్తగ ఊదిండు,” అంది మల్లక్క. “దానికే కండ్లు గనవడలే. నన్ను వట్టుకొని నువ్వెవరని అడిగిండు.”

“అలువాటు లేక. మందుకు గూడ మనిషెవరో ఎర్కైతది. నన్ను జూస్తే దానికి భయం. గా రాత్రి ఏమైందనుకున్నవ్? వాకిట్ల మంచం ఏసుకొని పండుకున్న. దోమలొచ్చినయ్, కుట్టినయ్, కుట్టినయి కుట్టినట్టే టపటప రాలినయ్. తెల్లారి నా పెండ్లాం చీపురుతోటి ఊడ్సి చాటకెత్తి పారవోసింది. వారం తిరిగే వరకు మా గల్లీల దోమ అన్న మాట లేదు. మున్సిపాలిటోళ్లకు ఎర్కయింది. ఇద్దరు ఇంటికొచ్చి చేతులు వట్టుకున్నరు. ‘అన్నా, మాతాన దోమల మందు బండి ఖరాబైంది, నువ్వు జర వాడకొక రాత్రి పండుకోరాదే’ అన్నరు. కాదంటనా? మంచం నెత్తిన వెట్టుకొని పోయిన. మట్టెవాడల ఒక రాత్రి, గిర్మాజిపేటల ఒక రాత్రి. జనం బొట్టువెట్టి తోల్కపోయిండ్రు.”

“మా వాడకు రాకపోతివి భాయ్,” అన్నాడు ఖాజా మొహినుద్దీన్, చాయ్ వడపోస్తూ. “రాత్రి గూడ నిద్రలేదు మాకు.”

“మీ వాడ నంబరు వచ్చేటాళ్లకు నాకు ఫుర్సత్ దొరకలే. బూట్లు గూడ అడుగుతున్నరట మనోళ్లు, గడ్డిల పురుగూ పుట్రా ఉంటదని. పురుగు నాకు భయవడాలె గని నేను పురుగుకా? లానుల వట్టి కాళ్లతోటి నీళ్లు వెడుతున్న. నాగుబాము కరిచింది. గింత పొడుగుది. నేను సూడనే లే, చీమనుకొని పైపు మార్సుకుంట పోయిన. ఎనుక సప్పుడైతే తిరిగి సూస్తే పాము ఎల్లెల్కల వడి తోక కొట్టుకుంటాంది. నోట్లె నురుగు. పాణమున్న జీవి గద, పాపమనిపించింది. తువ్వాలల సుట్టుకొని, సైకిల్ క్యారేజికి గట్టుకొని దవాఖానకు ఉరికిన. డాక్టరు నాడి జూసిండు.”

“పాముకు నాడి యాడుంటది?” అన్నాడు పోశయ్య.

“నీకు డాక్టరు సదువు వచ్చునా? మరి నోరు మూసుకో. నాడి జూసి సెలైన్ వెట్టిండు. లేసి కండ్లు దెరిసి నన్ను జూసి మల్ల మూసుకున్నది.”

సాంబయ్య నవ్వబోయాడు. దగ్గు వచ్చి చాయ్ చొక్కా మీద ఒలికింది. మల్లక్క అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని కొంగుతో చొక్కా తుడిచింది. బల్ల చివర గోడకు ఆనించిన పంపు ఉంది. ఆమె దాని వైపు చూసి మేస్త్రి వైపు తిరిగింది.

“పాము సంగతి నేనడుగలే. ఏడు కావస్తాంది. తొడుగులు ఇస్తవా, ఇయ్యవా?”

“వెంకట్రాజం సారు ఇస్తే నేనియ్యనా? సారు ఇయ్యడు. అయినా అసొంటియి వరంగల్ల దొరకయి, పట్నం పోవాలె. తొడుగుల్లేకుంటే చెయ్యి రాలిపోతదా? గీ చేతులే కాజీపేట స్టేషన్‌ను కాపాడినయ్. గదన్నా ఎర్కేనా మీకు?”

పోశయ్య తలెత్తి చూశాడు. రాయమల్లుకు అది చాలు.

“వానకాలం. రోడ్డు పొంటి చెట్టు కొమ్మలు కరెంటు తీగెల మీద వడుతున్నయని కొట్టుమన్నరు. లైను బందు వెట్టేదాక ఎవడాగుతడు? తాడు లేదు, నిచ్చెన లేదు, ఎక్కిన, కొట్టిన. కొమ్మ వోయి తీగె మీద వడ్డది, తీగె టప్పున తెగింది. స్టేషన్ మొత్తం చీకటి. సిగ్నల్ లేదు. అవుతల ఎక్స్‌ప్రెస్ నిలవడి కూత వెడుతాంది. జనమంత ఆగమాగం. అప్పుడు నేనేం జేసిన్నంటవ్? గీ కొస గీ చేత, గా కొస గా చేత వట్టుకున్న. కరెంటు నా ఒంట్లెకెళ్లి వోయింది. స్టేషన్ల లైట్లన్ని ఒక్కసారి బుగ్గన ఎలిగినయ్. స్టేషన్ మాస్టరు ఉరికొచ్చి కింద నిలవడి, ‘రాయమల్లూ, నీ కాల్మొక్త, బండి వోయేదాక ఇడువకు’ అన్నడు. ఇడుస్తనా? బండి వోయింది. ఇంకో బండి ఒచ్చింది. గది వోయింది. నాకు ముక్కు దురద వెట్టింది. గోక్కుందామని ఒక్క చెయ్యి ఇడిస్తే మల్ల చీకటి. కింద జనం మొత్తుకున్నరు. మల్ల వట్టుకున్న. మాస్టరే చెట్టెక్కి నా ముక్కు గోకిండు.”

“కొమ్మ మీద ఇద్దరు ఆగిండ్రా?” పోశయ్య అడిగాడు.

“సగం కొమ్మ కొట్టిన్నని జెప్తి. సగం లేదా? నా కాళ్ల కింద ఉన్న కాగితం పూల చెట్టుకు గా కరెంటు జర తాకి, అదును గాకున్నా పూసింది. ఆఫీసర్లొచ్చి ఫొటోలు దీసుకున్నరు.”

“నీకు కరెంటు ఎక్కది, మందు ఎక్కది, పాము ఇసం ఎక్కది,” అంది మల్లక్క. “నీ సంగతి కాదు నేనడిగేది. ఈ మనిషికి ఎక్కింది. సూస్తలేవా?”

రాయమల్లుకు విసుగు వచ్చింది. ఇంతసేపూ చెప్పింది వీళ్ల చెవిలో పడనట్టు ఉంది. బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

“ధైర్యముంటే ఏదీ ఎక్కదని చెప్తాన. ఏటూరునాగారం అడివిల గెస్టుహౌజు లాను పని వడ్డది. పొద్దంత మందు గొట్టి, చేతులు గడుగకుంటనే వాకిట్ల పండుకున్న. తెల్లారగట్ల పులి వచ్చింది. లేవలే నేను. ఎవరిదన్న దూడ అనుకున్న. నా చెయ్యి నాకింది. మోచెయ్యి దాక నాకింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మూతి ముడుసుకొని, తల్కాయ తిరిగి గడ్డిల వడ్డది. లేసినంక దానికి మాంసం మీద మనసు వోయింది. గడ్డి మేసుడు వెట్టింది. గీ కొన నుంచి గా కొనదాక వరుస దప్పకుంట లాను మొత్తం మేసింది. పోశయ్య మిషన్ కన్న సాపుగ కోసింది. వెంకట్రాజం సారు ఒచ్చి సూసి, ‘రాయమల్లూ, గీ పులిని గూడ పనిల వెట్టుకుందామా’ అన్నడు. నేనే వద్దన్న. ఇయ్యాల గడ్డి కోస్తదా, రేపు అది గూడ తొడుగులు గావాలంటది.”

పోశయ్య నవ్వాడు. ఖాజా కూడా నవ్వి గ్లాసులు కడగడంలో పడ్డాడు. మల్లక్క మాత్రం లేచి పంపు దగ్గరికి వెళ్లింది. కింద పడి ఉన్న పాత పేపరు ముక్క ఒకటి తీసుకుని, దాంతో పట్టుకుని నాజిల్ విప్పింది. ఇత్తడి నాజిల్. రంధ్రం చుట్టూ తెల్లగా మందు ఎండి పెచ్చు కట్టింది. పేపరుతో సహా తెచ్చి రాయమల్లు ముందు బల్ల మీద పెట్టింది.

“మంగళారం నుంచి గిది మూస్కపోయే ఉన్నది. మా ఆయనకు దమ్ము లేదు. జర నువ్వు ఊదియ్యి అన్నా. నువ్వు ఊదంగనే ఆయన పంపు గట్టుకుంటడు. తొడుగులు అడుగ, సబ్బు అడుగ.”

రాయమల్లు నాజిల్‌ను చూశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు.

“శనివారం. ఇత్తడి నోట్లె వెట్టొద్దు.”

“మంగళారం గూడ వెట్టద్దంటరు,” అంది మల్లక్క. “మా ఆయన వెట్టిండు.”

“చాయ్ తాగిన నోరు.”

ఖాజా మొహినుద్దీన్ లోటాతో నీళ్లు తెచ్చి నాజిల్ పక్కన పెట్టాడు. “పుక్కిలించు భాయ్.”

“పన్ను జివ్వుమంటాంది రెండు రోజుల సంది.”

“ఇప్పుడే గట్టిగున్నయంటివి,” అన్నాడు పోశయ్య. “ఊదు మేస్త్రీ. మా వాడకు దోమలన్నా పోతయ్.”

రోడ్డు మీద కాజీపేట బస్సు ఆగి, జనాన్ని ఎక్కించుకుని వెళ్లింది. రాయమల్లు చిటికెన వేలి గోరుతో పేపరు ముక్కను మల్లక్క వైపు జరిపాడు. తోసేటప్పుడు గోరు ఇత్తడికి తగిలింది. వెంటనే ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు. చాలదనిపించి లోటాలోని నీళ్లు పోసుకుని కడుక్కున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

“గోరుకు తాకితేనే ఇట్ల కడుక్కుంటివి,” అంది మల్లక్క. గొంతు పెంచలేదు. “మా ఆయన నోట్లె వెట్టిచ్చినవ్.”

రాయమల్లు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. “సరే, ఇయ్యాల మందు వద్దు. గాలి గూడ ఎక్కువుంది. గడ్డి కోయుండ్రి,” అన్నాడు. ఆకు కదలడం లేదని పోశయ్య అనబోయి మానుకున్నాడు. సాంబయ్య ఆ రోజు పంపు కట్టుకోలేదు. గడ్డి ఎత్తాడు, నీడలో కూర్చున్నాడు, మళ్లీ ఎత్తాడు. అడ్డా మీది మనిషిని మేస్త్రి తేలేదు.

బుధవారం వెంకట్రాజం అటుగా వస్తే మల్లక్క తొడుగుల మాట ఆయన్నే అడిగింది. ఎండకాలంలోనే రెండు జతలు కొని మేస్త్రి చేతికిచ్చానని ఆయన చెప్పాడు. ఆ మర్నాడు పోశయ్య చుట్టాల ఇంటికని వర్ధన్నపేట వెళ్లాడు. రాయమల్లు బిడ్డను అక్కడే ఇచ్చారు. చెలక దగ్గర అల్లుడు మిరపతోటకు మందు కొడుతున్నాడు, బిడ్డ నీళ్లు కలిపి అందిస్తోంది. ఇద్దరి చేతులకూ మోచేతుల దాకా నల్లటి రబ్బరు తొడుగులు ఉన్నాయి. అవి లేకుండా పంపు ముట్టబోమని మామ తమ ఇద్దరితో ఒట్టు వేయించుకున్నాడని అల్లుడు చెప్పాడు.