ఒక్క గుంజుడుకు ఊడే ముడి

తెల్లవారేసరికి వాగు పొంగి దొడ్లోకి వచ్చింది. తండ్రీ కూతుళ్లు మేకలను తోలుకొని గుట్టెక్కారు.

"నాయినా, రెండుసార్లు లెక్కపెట్టిన. ఇరవై మూడున్నయ్. ఒక్కటి గూడ పోలే!"

"మేకపిల్లలు?"

"గంపల ఉన్నయ్. ఒక్క గుంజుడుకే ముడులన్నీ ఊడినయ్. నీళ్లు మోకాళ్లకు రాకముందే బయటపడ్డం."

"జారుముడి నేర్పితే నవ్వితివి గదా."

"నవ్విన. ఎండకాలమంత కట్టిపిచ్చి, ఇప్పిపిచ్చి సంపినవ్. ఊరంత నిన్ను ముడుల ముసలోడన్నది."

"ఇప్పుడేమంటాంది?"

"గుట్ట మీదికొచ్చినోళ్లందరు నేర్పుమంటున్నరు. సుక్కమ్మ పెద్దమ్మ అప్పుడే తాడు పట్టుకొని కూసున్నది. జర నవ్వు నాయినా, గెలిచినవ్."

"మూడేండ్ల కింద మీ అమ్మ గిదే దొడ్లె పీటముడి ఇప్పుకుంటనే మునిగింది."

"అమ్మను వాగు తీస్కపోయింది. నువ్వేం జేస్తవ్?"

"మేకలు తెంపుకుంటయని ఆ ముడి బిగిచ్చి కట్టింది నేనే, బిడ్డా."

"పెద్దమ్మను పిలువన్నా, నాయినా?"

"రమ్మను. నవ్వకుంట నేర్చుకోమని చెప్పు."