అత్తగారిని కిందికి దించిన వైనం

మా మేడలో అందరూ ఆయన్ని అల్లుడుగారనే పిలుస్తారు. మేడ ఆయన అత్తగారిది. ఆవిడ నాలుగో అంతస్తులో ఉంటారు, ఈయన ఆవిడ ఒక్కగానొక్క కూతురి మొగుడు. అంచేత పాలవాడి దగ్గర్నుంచి నా దాకా అందరికీ ఆయన అల్లుడుగారే. నేను మేడ కింద గడియారాలు బాగుచేస్తాను. నా కొట్టు పక్కన టీ కొట్టు, దాన్ని ఆనుకుని ఒక పొడుగాటి గది. ఆ గదిలో అల్లుడుగారు జనానికి బరువులెత్తడం నేర్పుతారు. పెద్ద సరంజామా ఏమీ లేదు. ఇనప గొట్టానికి రెండు చివరలా సిమెంటు పోసిన రంగు డబ్బాలు, పాత గుడారం గుడ్డతో కుట్టిన ఇసక సంచి, ఒక లారీ టైరు, ఒక ముక్కాలిపీట. నేర్పేవీ నాలుగే. వంగి లేపడం, కూర్చుని లేవడం, నెత్తి మీదికి ఎత్తడం, రెండు చేతులా పట్టుకుని నడవడం. అద్దం ముందు చూసుకునే బలం కాదండీ, సంచి పట్టుకుని మెట్లెక్కే బలం కావాలి మనిషికి అంటారు. అది నిజమే. ఆయన నేర్పేదాంట్లో అబద్ధం ఉండదు, చెప్పేదాంట్లోనే ఉంటుంది.

ఆ సాయంత్రం టీ కొట్టు బల్ల మీద పక్క వీధి వడ్రంగి కూడా ఉన్నాడు. కర్ర పేర్చుకోడానికి ఆ పొడుగాటి గది తనకిమ్మని అత్తగారిని అడిగాడట. ఎవరికిచ్చేదీ ఇవాళ కిందికొచ్చి చెప్తానన్నారట ఆవిడ. గది పోతే అల్లుడుగారికి ఇక మిగిలేది నాలుగో అంతస్తులో అత్తగారి ఎదురు కుర్చీయే. ఆ భయం ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది. భయమేస్తే కొందరు దణ్ణం పెట్టుకుంటారు. ఈయన కోతలు కోస్తారు.

టీ గ్లాసు అందుకోబోతుంటే ఆయన భుజం మీది తువ్వాలు జారి కింద పడింది. కాస్త తీసివ్వండన్నారు నాతో. అదేంటండీ, వంగడం నేర్పే మాస్టారు మీరే కదా అన్నాను. అంతే, అందుకున్నారు.

"చిన్న బరువులు ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నానండీ. ఎప్పట్నుంచి అంటారా? ఆ మధ్య లిఫ్టు చెడిపోయిందే, ఆ రోజు నుంచి. మా అత్తగారిని కిందికి దించిన రోజు. మీకు చెప్పలేదూ? పెద్ద విషయమేం కాదు లెండి. పొద్దున్నే ఆవిడకి కంటి ఆపరేషను, ఎప్పట్నుంచో ఎదురుచూసిన తేదీ, తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు. చూస్తే లిఫ్టు మధ్యలో బిగుసుకుని కూర్చుంది. ఆవిడ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. మా ఆవిడ డ్యూటీకెళ్ళిపోయింది. నలుగురు మనుషుల్ని పిలిపించమన్నారు అత్తగారు. నలుగురెందుకండీ, నలుగురి పెట్టు నేనున్నానుగా అన్నాను. కుర్చీ ముందు నించున్నాను. కాళ్ళు భుజాలంత ఎడం, పిరుదులు వెనక్కి, వీపు తిన్నగా, గుండెల నిండా ఊపిరి. కుర్చీ చేతులు పట్టుకుని లేపాను చూడండీ, ఆవిడా కుర్చీ కలిసి దూదిపింజెలా లేచారు. అసలే టేకు కుర్చీ."

"మామిడి కర్రండీ అది. నేనే చేశాను" అన్నాడు వడ్రంగి.

"మీరు చేసినప్పుడు మామిడేనండీ. ఆవిడ కూర్చుని కూర్చుని టేకైపోయింది. సరే, మూడో అంతస్తుకి దిగేసరికి మెట్లకి అడ్డంగా ఇనప బీరువా. ఇల్లు మారేవాళ్ళెవరో దింపలేక వదిలేసి పోయారు. ఇంకోడైతే వెనక్కి తిరుగుతాడు. నేనేమనుకున్నానంటే, ఒక చేతిలోనే బరువుంటే నడుం వంకరపోతుంది, రెండో చేతిలోకి తూకానికేదో ఒకటి కావాలి కదా, దొరికింది కదా అనుకున్నాను. కుడిచేతిలో అత్తగారు, ఎడమచేతిలో బీరువా. పట్టుకుని చూస్తే ఇంకా అత్తగారి వైపే మొగ్గు. పక్కింటాయన్ని పిలిచి, బీరువాలో ఏదన్నా పడెయ్యండి మహాప్రభో అన్నాను. కుట్టుమిషను పెట్టాడు. చాల్లేదు. ఇస్త్రీ పెట్టె పెట్టాడు. అప్పుడు కుదిరింది తూకం."

టీ కొట్టాయన పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. అత్తగారు ఆ మాట వింటే ఏమంటారో అని నేను మేడ పైకి చూశాను. నాలుగో అంతస్తు కిటికీ మూసే ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో అంతస్తు దగ్గర లిఫ్టు వేలాడుతోంది. లోపల జనం. ఎవరనుకుంటున్నారు? బ్యాండు మేళం వాళ్ళండీ, డప్పులతో, బాకాలతో సహా. రాత్రంతా అందులోనే ఉన్నారట పాపం. వైరు తెగడానికి సిద్ధంగా ఉంది. అత్తగారిని బీరువా మీద కూర్చోబెట్టాను, బీరువాని నెత్తిన పెట్టుకున్నాను, లిఫ్టు కిందికి దూరి గొంతుక్కూర్చున్నాను. కూర్చుని లేవడం అంటే అందరికీ లోకువ. కూర్చోడం ఎవడైనా కూర్చుంటాడండీ, లేవడంలో ఉంది మగతనం. మడమలు నేలకి తన్నిపెట్టి ఒక్క లేపు లేపాను. లిఫ్టు గడపకి తగిలి ఆగింది. ఒక్కొక్కళ్ళూ దిగి, సంతోషం పట్టలేక అక్కడే వాయించడం మొదలెట్టారు."

ఆ రోజంతా కొట్టులోనే ఉన్నాను, నాకే వాయిద్యమూ వినపడలేదన్నాను నేను.

"మీకెలా వినిపిస్తుందండీ? చుట్టూ గోడ నిండా గడియారాలు కొట్టుకుంటుంటాయి. పోనీ చూశారా అంటే కంట్లో భూతద్దం, ఆవగింజంత చక్రం తప్ప ఏనుగొచ్చినా కనపడదు. మీ తప్పు కాదది, మీ వృత్తి అలాంటిది. ఆ తర్వాత ఏమైందో అది వినండి. బ్యాండువాళ్ళు ఒక లయలో అడుగులేస్తుంటే మేడకి ఊపొచ్చింది. మొదటి అంతస్తుకి దిగేసరికి మేడంతా పడమటికి ఒరుగుతోంది. నేను గబగబా బయటికొచ్చి, అత్తగారిని జాగ్రత్తగా భుజానికెత్తుకుని, పునాది అంచు కింద వేళ్ళు దూర్చాను. మొదట మోకాళ్ళ దాకా. అక్కణ్ణుంచి గుండెల దాకా. గుండెల దగ్గర ఒక్క క్షణం ఆగి, మోచేతులు ముందుకి తోసి, నెత్తి మీదికి."

"దేన్ని?" అన్నాడు వడ్రంగి.

"మేడనండీ. ఇంకేముంది అక్కడ? ఎత్తి, కింద మన్ను సర్దమని మనుషులకి చెప్పి, తిన్నగా దించాను. నమ్మరా? ఈ మధ్య మేడలో తలుపులు కిర్రుమనకుండా పడుతున్నాయా లేదా?"

"నేను చిత్రిక పట్టాను కాబట్టి పడుతున్నాయి."

"మీరు పట్టింది తలుపులకి, నేను పట్టింది మేడకి. ఇద్దరి చలవానూ. వీధి వీధంతా నించుని చూస్తున్నారు, ఎలా ఎత్తారండీ అని అడుగుతున్నారు. విద్య దాచుకోకూడదు కదా, మేడని అలా నెత్తిన పట్టుకునే వాళ్ళకి మొదట్నుంచీ పాఠం చెప్పాను. మడమలెక్కడుండాలి, చూపెక్కడుండాలి అన్నీ."

మరి అత్తగారేమన్నారని అడిగాడు టీ కొట్టాయన.

"ఆవిడ నిద్రపోతున్నారండీ. చేతిలో కాఫీ గ్లాసు, చుక్క తొణికితే ఒట్టు."

నిద్రలో కాఫీ గ్లాసేమిటని ఎవరూ అడగలేదు. వడ్రంగి చూపు ఆయన చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్న వెడల్పాటి బెల్టు మీద పడింది. అదేంటన్నాడు. ఆ రోజు నుంచీ బలం మరీ ఎక్కువైపోయిందనీ, పొంగి పొర్లిపోకుండా కట్టిన గట్టు అదనీ చెప్పారు అల్లుడుగారు. చెప్పి వడ్రంగి వైపు కాస్త జరిగారు. ఇలాంటి విద్య నేర్పే గదిలో చెక్క ముక్కలు పేర్చుకోడం మీకే బాగుండదు కదా అని మెత్తగా అన్నారు. అసలు విషయం అప్పుడొచ్చింది.

 వడ్రంగి సందేహం వడ్రంగికుంది.

"ఎత్తేటప్పుడు ఊపిరి పట్టాలన్నారు కదండీ ఇందాక. పాఠం ఎలా చెప్పారు మరి?"

మా అల్లుడుగారికి రెప్పపాటు కూడా పట్టలేదు. "నాకు రెండు ఊపిరితిత్తులున్నాయండీ. ఒకటి ఎత్తడానికి, ఒకటి మాట్లాడ్డానికి."

"ఆ రెండోదే కొంప ముంచింది" అన్నారెవరో గది లోపల్నుంచి.

పొడుగాటి గది తలుపు తెరుచుకుంది. అత్తగారు. రెండు చేతుల్లో సిమెంటు పోయని రంగు డబ్బాలు రెండు, వాటి నిండా నీళ్ళు. భుజాలు వంగకుండా, తొణక్కుండా మా దాకా నడిచొచ్చారు. వెనక తలుపు నుంచి గది చూసుకుందామని ఎప్పుడో వచ్చారట, డబ్బాలు కనిపిస్తే ఇవాళ్టి నడక అక్కడే కానిద్దామనుకున్నారట. పిరుదులు వెనక్కి, వీపు తిన్నగా వంగి డబ్బాలు కింద పెట్టారు. అదే వంపులో నా కాళ్ళ దగ్గరున్న తువ్వాలు తీసి అల్లుడుగారి భుజాన వేశారు.

"కుర్చీ లేచిన మాట నిజమే. అంగుళం లేచింది. అంతలో, అత్తయ్యగారూ ఇలాంటి కుర్చీలు నేనూ, అని మొదలెట్టారు ఈయన. మాట బయటికొచ్చింది, దాంతోపాటు ఊపిరీ వచ్చేసింది, నడుము కలుక్కుమంది. ఆ బెల్టు డాక్టరిచ్చింది. ఇంకో నెల వంగకూడదు."

 అల్లుడుగారు గ్లాసులో చూసుకుంటున్నారు. వడ్రంగికి నవ్వొచ్చింది గానీ, ముందు సంగతి తేలాలనుకున్నాడు. మరి మీరెలా దిగారమ్మా అన్నాడు.

"నడిచి. ఈయన్ని దించుకుంటూ. మెట్లంటే భయపడి అప్పటిదాకా నేనెప్పుడూ దిగలేదు, ఆ రోజు తప్పలేదు. ఆయన చెయ్యి నా మెడ చుట్టూ వేయించుకుని, ఒక్కో మెట్టూ దిగాం. ఆసుపత్రిలో ఈయన్ని చూసి ముందు ఈయన్నే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్ళ డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే నడిచెళ్ళాను."

మేం నమ్మలేదు. మేడ ఎత్తిన మాటనైనా సరదాగా వింటూ కూర్చున్నాం గానీ, ఇది నమ్మలేకపోయాం. రెండేళ్ళపాటు ఆవిడ గుమ్మం దాటి రావడం మేమెవరం చూడలేదు. ఈ మధ్య కిందికొస్తుంటే లిఫ్టు బాగయింది కదా అనుకున్నాం.

ఆవిడ మా మొహాలు చూశారు. "లిఫ్టుంటే ఏం? లిఫ్టు దాకా నడవాలిగా. కుర్చీలోంచి లేవాలిగా. ఇక నా బతుకింతే, ఆ కిటికీ దగ్గరే అనుకుని ఏడ్చిన రోజులున్నాయి. ఈయన నా ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని, నాతో పాటు తనూ లేచి కూర్చునేవారు. రోజూ. మొదట కుర్చీలో దిండ్లేసి ఎత్తు చేశారు, తర్వాత ఒక్కోటీ తీసేస్తూ వచ్చారు. ఆ తర్వాత చేతికి చెంబుడు నీళ్ళిచ్చారు, ఆ తర్వాత డబ్బాలు. ఈ వయసులో బరువులేంటని నలుగురూ నవ్వుతారు, ఎవరితో అనొద్దన్నాను. ఆయన అన్లేదు."

నా నాలిక చివరిదాకా వచ్చిన వెక్కిరింత అక్కడే ఆగిపోయింది. బ్యాండు మేళాన్నీ మేడనీ ఎత్తిన మనిషి, నిజంగా ఎత్తిన ఒక్కదాన్ని గురించీ ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. గది చేజారిపోతుంటే కూడా విప్పలేదు. నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది, కాస్త సిగ్గూ వేసింది.

అత్తగారు వడ్రంగి వైపు తిరిగారు. "నీ కర్రకి డాబా మీద చోటిస్తాను నాయనా. గది ఈయనకే. నన్ను మోయలేకపోయారు గానీ, తనని మోసే సత్తువ నాకిచ్చారు." అల్లుడుగారితో మాత్రం గొంతు మార్చకుండా అన్నారు, "కాకపోతే ఆ గదిలో ఎత్తేటప్పుడు నోరు విప్పకూడదు. ఇంకోటి. నాకు తూకం బీరువా కాదు."

ఇస్త్రీ పెట్టె కూడా కావాలన్నారమ్మా అని టీ కొట్టాయన అందించాడు. ఆవిడ నవ్వారు. అల్లుడుగారు నవ్వలేదు, కళ్ళు తుడుచుకున్నారు. తువ్వాలు దగ్గర్లోనే ఉండటం మంచిదైంది.

ఇక పదండి, చీకటి పడుతోందన్నారు ఆవిడ. అల్లుడుగారు బల్ల అంచు పట్టుకుని లేవబోతూ మా వైపు తిరిగారు. అసలు ఆ రోజు నేను, అంటూ నోరు తెరిచారు.

"ఊపిరి" అన్నారు అత్తగారు.

టక్కున నోరు మూసుకున్నారు. మడమలు నేలకి ఆనించి, వీపు తిన్నగా పెట్టి, బుగ్గల నిండా గాలి పట్టి మెల్లిగా లేస్తున్నారు. సరిగ్గా అప్పుడే వడ్రంగి అడిగాడు, తనకీ ఈ మధ్య కర్ర దించుకుంటుంటే నడుం పట్టేస్తోందట, రేపు ఎప్పుడు రమ్మంటారని. సగం లేచిన మనిషి కళ్ళు పెద్దవి చేసుకుని వడ్రంగిని చూశారు గానీ పలకలేదు. అత్తగారు డబ్బాలు రెండూ ఎత్తుకుని పక్కనే నించున్నారు.

నిటారుగా నించున్నాకే అల్లుడుగారు ఊపిరి వదిలారు.

"పొద్దున్నే" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నోట నేను విన్న అతి చిన్న మాట అదే.