గుమ్మడికాయ గుజ్జు

...గుజ్జులోనే ఏదో తేడా ఉందేమో, లేక, బాబు తల్లి చేతినే మరిచిపోయాడేమో. ఆరు రోజులు పరకాల బడిలో పాఠాలు చెప్పడానికి బస్సెక్కే ఆమెకు బాబుకు తినిపించేందుకు మిగిలేది ఆదివారం ఒక్కటే. చెంచా గిన్నెలో పడేసి తోటికోడలిని అడిగింది.

"అక్కా, మిక్సీల తిప్పి, గుడ్డల వడగట్టిన. వెన్న లెక్కున్నది. అయినా మూతి తిప్పుకుంటాండు. నువ్వేం కలుపుతానవ్?"

"ఏం కలుపుత? ఉడికిన గుమ్మడికాయను వేళ్లతోని మెదుపుత."

"చక్కెర ఏస్తానవా?"

"నీ కొడుకు మీద ఒట్టు, ఎయ్య."

"నా కొడుకని యాదికున్నది, సంతోషం."

పిల్లలు లేని తోటికోడలు కడుగుతున్న చెంబు పక్కన పెట్టి ఇటు తిరిగింది.

"పగలంత నీ తొవ్వ చూసి ఏడుస్తడు చెల్లె. అందుకే వాకిలి దిక్కు చూపించి, 'పరకాల బస్సొచ్చె, అమ్మొచ్చె' అని నేనంట. నిన్ను చూద్దామని నోరు తెరుస్తడు. అప్పుడు పెడుత."

"రోజూనా?"

"ముద్ద ముద్దకు."

"మరి నేను ఈడనే ఉన్న గద. ఏమని పెట్టాలె?"

"నాకేం తెలుసు? నువ్వున్నప్పుడు నేనెన్నడు పెట్టలె."

 తల్లి బడి సంచీ భుజాన వేసుకుని, గుజ్జు గిన్నె పట్టుకుని గడప దాటి, మళ్లీ లోపలికి వచ్చింది.

"పరకాల బస్సొచ్చె."