గేటుకి తాళం వెయ్యని హెడ్మాస్టరు

సోమవారం నువ్వు హెడ్మాస్టరుగా చేరేది పామర్రు అవతల బళ్ళోనేగా అమ్మాయ్? నేను డ్రిల్లు మాస్టారుగా చేసింది అక్కడే. కూర్చో, చెప్తా. మీ నాన్న ఏవన్నాడూ, మొదట్లోనే గట్టిగా లేకపోతే స్టాఫ్ నెత్తికెక్కుతారన్నాడా? మా సుబ్బరత్నం గారికీ అదే చెప్పారు. ఆ బడికి మొదటి ఆడ హెడ్మాస్టరు ఆవిడే. అంతకు ముందు రామకోటేశ్వరరావు గారని, పాపం మంచాయనే, బెల్లు కొట్టగానే గేటుకి తాళం వేయించేవారు. నాట్ల రోజులొస్తే సగం మంది ఆడపిల్లలు బయటే. తల్లులు తెల్లారకుండానే చేలోకి పోతే, చిన్నపిల్లలకి అన్నం పెట్టి రావాలి కదా వీళ్ళు. ఈవిడ వస్తూనే తాళం తీయించి, నాట్లయ్యేదాకా నా డ్రిల్లు మొదటి పీరియడుకి మార్చేశారు. ఆలస్యమైనవాళ్ళకి పోతే డ్రిల్లు పోతుంది, పాఠం పోదని. నాకు ఒళ్ళు మండిందనుకో, అది వేరే సంగతి. లెక్కల బసవపున్నయ్య ఉండేవాడు, ముక్కుతో మాట్లాడేవాడులే, స్టాఫ్ రూములో అందరి ముందూ, 'బడి నడపటమంటే వంటిల్లు నడపటం కాదండీ మేడమ్' అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, 'వంటిల్లే నయం మాస్టారూ. ఆలస్యంగా వచ్చారని ఎవరికీ అన్నం మానెయ్యం' అన్నారు. అట్లాగని మెత్తటి మనిషనుకునేవు. క్లాసు ఎగ్గొట్టి పేపరు చదువుకుంటున్నాడని ఆ బసవపున్నయ్యకే మెమో ఇచ్చారు.

అతను ఊరుకుంటాడా, గేటుకి తాళం లేక పిల్లలు వేళకి రావట్లేదని పైవాళ్ళకి ఫిర్యాదు చేశాడు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ప్రేయర్లో సగం ఖాళీ చూసి, 'ఇట్లాగైతే మిమ్మల్ని ట్రాన్స్‌ఫర్ చేయించాల్సిందే' అన్నాడు. 'రెండో పీరియడు దాకా కూర్చోండి సార్, తర్వాత మీ ఇష్టం' అన్నారీవిడ. కూర్చున్నాడు. గట్ల వెంట నడిచొచ్చిన పిల్లలు పంపు దగ్గర బురద కాళ్ళు కడుక్కుని క్లాసుల్లోకి పోతున్నారు. రెండో బెల్లుకి బెంచీలన్నీ నిండినయ్. ఆయన రిజిస్టరులో సంతకం పెట్టి జీపెక్కాడు. ట్రాన్స్‌ఫర్ మాట మళ్ళీ రాలా. మా హెడ్మాస్టరని చెప్పుకోటానికి నాకు ఇప్పటికీ గర్వమే అమ్మాయ్. కొందరు తల్లిలాంటిదనేవాళ్ళు, కొందరు మగాడిలా నడిపిందనేవాళ్ళు. ఆవిడకి రెండూ నచ్చేవి కావు. 'హెడ్మాస్టరునండీ, అది చాలదా' అనేవారు. ఆవిడ పోయిన రోజున పొద్దు వాలుతోంది, ఇంక పాడె లేవదియ్యమని పెద్దలు తొందరపెడుతున్నారు. ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్న రత్తయ్య, మన బళ్ళో చదివినవాడే, గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. 'ఇంకా రావాల్సినవాళ్ళున్నారండీ. ఆలస్యమైందని ఆవిడ మమ్మల్నెవర్నీ బయట నిలబెట్టలా' అన్నాడు. ఆపాం. అవీ నాట్ల రోజులే. చేలోంచి ఆడవాళ్ళు, అప్పటి మన బడి పిల్లలే, వచ్చారమ్మా, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, ఒక్కొక్కళ్ళే లోపలికి...

సర్లే. కాఫీ చల్లారిపోతోంది, తాగు.