శనివారాల భారం దించుకుంటూ

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులైన డాక్టర్ యోగానంద్ గారికి, ముందు వరసలో ఓపిగ్గా కూర్చున్న పెద్దలకు, నాతో కలిసి పారమట్టా మైదానాల బురద తొక్కిన మిత్రులకు, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా టై కట్టుకుని వచ్చి నా వంకే చూస్తున్న మా హెడ్ కోచ్ మెల్విన్‌కు నమస్కారాలు. మన గిరావీన్ పేటలో చలి ఇంకా పోలేదు. ఈ హాల్లో ఉన్న ఒక్క హీటరూ వేదిక మీదే పెట్టారు. కాబట్టి నేను తొందరగా ముగిస్తే బాగుండునని మీలో కొందరు అనుకుంటున్నారని నాకు తెలుసు. (నవ్వులు)

యోగానంద్ గారు నన్ను ‘ఫుట్‌బాల్ కోచ్ సమూయేలు గారు’ అని పరిచయం చేశారు. ఆయన మర్యాదకు కృతజ్ఞుణ్ణి గానీ, నేను కోచ్‌ని కాను, అసిస్టెంట్ కోచ్‌ని. పైగా ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. మనం కాలితో తన్నేదాన్ని సాకర్ అంటారు. బందరు హైస్కూల్లో డ్రిల్లు మాష్టారుగా ఉన్నవాణ్ణి, సిడ్నీ వచ్చి కొన్నాళ్ళు బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ తర్వాత కాలేజీ క్రీడల విభాగంలో చేరినప్పుడు అమ్మాయిల సాకర్ జట్టు ఒకటి కొత్తగా మొదలవుతోంది. దాని బాధ్యత తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. మెల్విన్ ఒక్కడే వచ్చాడు. మెల్విన్‌కి తోడు కావాలి, నాకు శనివారాలు ఖాళీ. అంతే, అలా మొదలైంది.

అసిస్టెంట్ కోచ్ అంటే ఏమిటని చాలామంది అడుగుతుంటారు. గోల్‌పోస్టులకు వలలు కట్టేవాడు, వ్యాన్ వేసుకుని క్వేకర్స్ హిల్ దాకా వెళ్ళి అమ్మాయిలను ఎక్కించుకొచ్చేవాడు, ఎవరైనా పడిపోతే నీళ్ళ బకెట్టూ స్పాంజీ పట్టుకుని మైదానంలోకి పరిగెత్తేవాడు. హాఫ్‌టైముకి కమలాపళ్ళు కోసి పెట్టాల్సిందీ అతనే అనుకోండి, ఆ పని మాత్రం ఇన్నేళ్ళూ కస్తూరి చేసింది. పెళ్ళినాడు పాస్టరుగారు చదివించిన ప్రమాణాల్లో కమలాపళ్ళ మాట లేదని ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది. (నవ్వులు) జట్టు గెలిస్తే ఫొటోలో మెల్విన్ మధ్యలో ఉంటాడు, నేను అంచున ఉంటాను, ఒక్కోసారి సగమే పడతాను. దానికి నాకేమీ బాధ లేదు. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి అన్న తలనొప్పి మెల్విన్‌ది. ఎవరి మొహం ఎలా ఉంది, ఎవరు రాత్రి నిద్రపోలేదు, ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చారు, అది చూసుకోవడం నా పని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మూడో వరసలో జ్ఞానప్రసూన గారి పక్కన కూర్చుందే, ఆవిడ కూతురు హెలెనా, ఇది తన సంగతే. తనను అడిగి, ఒప్పుకున్నాకే చెబుతున్నాను.

ఎనభై ఎనిమిదిలో హెలెనా మా గోల్‌కీపర్. సిడ్నీలో పుట్టిన పిల్ల. మనం తెలుగులో ఏం మాట్లాడినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ‘హెలెనా, అన్నం తిన్నావా అమ్మా’ అంటే ‘యా అంకుల్, ఐ హాడ్ టోస్ట్’ అంటుంది. మనందరి ఇళ్ళలో ఉన్నదే కదా. జ్ఞానప్రసూన గారు ఈ విషయం మీద మన తెలుగు సంఘం మీటింగుల్లో కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ ఏడు మా జట్టు మొదటిసారి ఫైనల్‌కు వచ్చింది. ఒక గోలు ముందున్నాం. ఆట చివరికొస్తోంది. మూల నుంచి వచ్చిన బంతి కోసం హెలెనా ఎగిరింది, బంతిని పట్టుకుంది, పట్టుకున్న ఊపులోనే తల వెళ్ళి గోల్‌పోస్టుకు కొట్టుకుంది. నేను బకెట్టు పట్టుకుని పరిగెత్తేసరికి లేచి నిలబడింది. రక్తం లేదు. నవ్వుతోంది. రెఫరీ చూసి సరేనన్నాడు. గీత అవతల నుంచి మెల్విన్ కేకేశాడు: ‘షి ఈజ్ ఫైన్, సామ్. కానివ్వు.’ అతన్ని నేను తప్పు పట్టను. మాకు వేరే గోల్‌కీపర్ లేదు, అమ్మాయి నిలబడి ఉంది, ఇంకో పది నిమిషాలు ఆగితే కప్పు మాది.

నేను దగ్గరికి వెళ్ళి, ఇక్కడివాళ్ళలాగే ‘యూ రైట్, హెలెనా?’ అంటూ, బాగానే ఉన్నావా అని అడిగాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, శుభ్రమైన తెలుగులో, ‘అంకుల్, అమ్మ ఎక్కడ? నా చెప్పులు తడిసిపోయినాయి’ అంది.

ఆ రోజు చినుకు పడలేదు. నేల ఎండిపోయి ఉంది. ఆ పిల్ల నోట తెలుగు మాట వినడం నాకు అదే మొదటిసారి. ఆ గొంతు పంతొమ్మిదేళ్ళ అమ్మాయిది కాదు, నాలుగేళ్ళ పాపది. నేను ఇంకేమీ ఆలోచించలేదు. భుజం చుట్టూ చెయ్యి వేసి, ‘పద తల్లీ, అమ్మ దగ్గరికి వెళ్దాం’ అని బయటికి నడిపించుకొచ్చాను. మెల్విన్ అడ్డం వచ్చాడు. ‘సామ్, ఏం చేస్తున్నావు? ఇది ఫైనల్, మేట్’ అన్నాడు. ‘ఈ పిల్ల ఇక ఆడదు. ముందు అంబులెన్స్ పిలిపించు’ అన్నాను. అంతకుముందు ఎప్పుడూ నేను అతని మాట కాదనలేదు. గ్లవ్స్ వేరే అమ్మాయికి ఇచ్చారు. మేం ఓడిపోయాం.

ఆసుపత్రి చేరేలోపే హెలెనా స్పృహ తప్పింది. పుర్రె లోపల నెత్తురు గడ్డకడుతోందన్నారు, వెంటనే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. యోగానంద్ గారు తన డ్యూటీ కాకపోయినా వచ్చి జ్ఞానప్రసూన గారి పక్కన కూర్చున్నారు. మీరు గుర్తుంచుకోకపోవచ్చు డాక్టరు గారూ, మేం మర్చిపోం. మరునాడు నన్ను లోపలికి పిలిచారు. తలకు కట్టుతో ఆ పిల్ల కళ్ళు తెరిచి, నన్ను చూసి, ‘అంకుల్, డిడ్ వి విన్?’ అంది.

ఆ ఇంగ్లీషు విని నేను గోడ పట్టుకుని ఏడ్చాను. తెలుగు బిడ్డ ఇంగ్లీషులో మాట్లాడిందని ఆనందంతో ఏడ్చిన తెలుగువాణ్ణి ఈ సంఘంలో బహుశా నేనొక్కణ్ణే. (నవ్వులు, చప్పట్లు)

కప్పు పోయినందుకు కాలేజీలో కొందరికి కోపం వచ్చింది. అసిస్టెంట్‌కి ఆ అధికారం ఎక్కడిదని కమిటీ ముందు అడిగారు. అప్పటిదాకా నాతో సరిగ్గా మాట్లాడని మెల్విన్ లేచి నిలబడ్డాడు. ‘ఆడించమన్నది నేను. ఆపింది సామ్. అతను ఆపకపోయి ఉంటే ఇవాళ మనం వేరే రకం మీటింగులో కూర్చుని ఉండేవాళ్ళం’ అన్నాడు. కమిటీ ఆ విషయం అంతటితో వదిలేసింది. మెల్విన్, ఐ యామ్ టాకింగ్ అబౌట్ యూ. కంగారుపడకు, మంచే చెబుతున్నాను.

అయితే నేను ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ తర్వాత నాకు ఆట కనిపించడం మానేసింది, తలలు మాత్రమే కనిపించేవి. ఏ అమ్మాయి బంతికి తలపెట్టినా నా చెయ్యి బకెట్టు మీదికి పోయేది. శుక్రవారం సాయంత్రం నుంచే అన్నం దిగేది కాదు. కస్తూరి చూస్తూనే ఉండేది. మానేస్తే నా బదులు వచ్చేవాడు చూసుకుంటాడో లేదోనని మానలేకపోయాను.

ఇప్పుడు యాభై ఎనిమిది వచ్చింది, డాక్టర్లు మోకాళ్ళు పనికిరావన్నారు, కాలేజీ వాళ్ళు ప్రతి మ్యాచ్‌కీ ఒక నర్సును పెట్టారు. ‘మైదానం వదిలి వెళ్తున్నందుకు బాధగా లేదా’ అని పొద్దుటినుంచి అందరూ అడుగుతున్నారు. పెద్దల సభలో అబద్ధం ఆడకూడదు. బాధ లేదు. నెత్తిమీద నీళ్ళబిందె పెట్టుకుని చాలా దూరం నడిచి, తొణక్కుండా ఇంటికి తెచ్చి దింపినవాడికి ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

పోయిన శనివారం నా చివరి మ్యాచ్. గోల్స్ లేకుండా డ్రాగా ముగిసింది, చూసినవాళ్ళు ఆవలించారు. విజిల్ ఊదాక నేను గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మాయిలు సంచులు భుజాన వేసుకుని, సాయంత్రం ఏ సినిమాకు వెళ్దామా అని వాదించుకుంటూ, ఒకరి తర్వాత ఒకరు నన్ను దాటి వెళ్ళారు. అందరూ తమ కాళ్ళ మీద తాము నడిచి ఇంటికి వెళ్ళారు. నేను పనిచేసింది దానికోసమే.

ఈ సన్మానం చేసిన మీ అందరికీ, మెల్విన్‌కీ, హెలెనాకీ, నా కస్తూరికీ కృతజ్ఞతలు. తేలికపడ్డ మనసుతో అడుగుతున్నాను, నాకు సెలవిప్పించండి. సెలవు.