మూరెడు ఖాళీ

రెండు ఒడ్ల నుంచీ కేబుళ్ల మీద వేలాడుతూ వచ్చిన వంతెన కొనల మధ్య, నది మీద మూరెడు ఖాళీ మిగిలింది. అటు బావమరిది మేస్త్రీ. ఇటు బావ మేస్త్రీ. తన కొన రెండు వేళ్ల మందం కిందికి ఉండటం బావకు కొరుకుడు పడలేదు.

“ఇంజనీరు వచ్చేలోగా కేబుల్ బిగించేస్తాన్రా.”

“ఎండలో ముట్టుకోకు బావా. కాగి సాగింది. ఇప్పుడు బిగిస్తే చల్లబడ్డాక నీ కొన నా నెత్తికెక్కుతుంది.”

“నీ కేబుళ్లకు ఎండ లేదా?”

“ఉంది. నీ ఒడ్డు దూరం. నీవి పొడుగు, ఎక్కువ సాగుతాయి.”

“అందాకా నా మనుషుల ముందు నువ్వు మీసం మెలేస్తావు.”

“మెలేస్తాను. మా అక్కనిచ్చాం, ఆ మాత్రం చనువుండదా?”

“చల్లబడ్డాకా నా కొన కిందికే ఉంటే?”

“నా వైపు నీళ్ల డ్రమ్ములు పెట్టి నా కొనే వంచుతాను.”

బావ, బిగించే యంత్రం ఆపేసి దిగి రమ్మని తన మనుషులకు సైగ చేశాడు.

“వంచుతానన్నావని మీ అక్కకు చెప్పకు. తమ్ముణ్ని వంచానని నన్నే తిడుతుంది.”