సమూయేలు మేస్త్రి వెయ్యని ఎత్తు

ఆ టోర్నమెంటు కప్పా? దించమ్మా జెనీ, దించి ఇలా తే. మీ తాత సమూయేలు మేస్త్రి మీద గెల్సింది. పదకొండేళ్ళు ఆయనతో చదరంగం ఆడితే గెల్సింది ఆ ఒక్కపాలే. రైల్వే వర్క్‌షాపులో నాను ఆయన కింద ఫిట్టర్ని. డూటీ దిగినాక న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో మీ క్వార్టర్ వరండాలో ఆట. రోజూ నన్ను ఓడించీసి, "ఏటి నూకరాజూ, ఇంకా నిద్దర్లేవలేదా" అనీవోడు. ఒక్కసారైనా ఆయన్ని ఓడించాలని నాకు మా సెడ్డ పంతం.

ఆయన రిటైరైన రెండో నెల్లో వర్క్‌షాపు పక్క హాల్లో చదరంగం టోర్నమెంటు ఎట్టినారు. ఫైనల్లో ఆయనా నానూ. తెల్లపావులు ఆయనయి. అందరూ నడిమి బంట్లు తోస్తారా, ఈయన పక్కనుండి మొదలెట్టినాడు, మంత్రి పక్కనున్న శకటు ముందర బంటు రెండు గళ్ళు. నానూ అదే బంటు, రెండు గళ్ళే. ఆయన గుర్రం తీస్తే నానూ గుర్రం. ఆయన శకటుని మూల దగ్గిరకి సర్దితే నానూ అలాగే. సూస్తన్నోళ్ళలో ఒక బెంగాలీ దాదా అయితే, మద్దెలో అద్దమెట్టినారేటి అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వనీ. బోగీ కింద ఆయన అటు నట్టు ఎంత తిప్పితే నాను ఇటు నట్టు అంత తిప్పీవోణ్ణి. ఆయన నేర్పిన పనే అది, ఏరే ఆట నాకెలా ఒస్తాది? బల్ల మీదెట్టిన ఆట గడియారానికి రెండు మొకాలమ్మా. ఎవడి వంతైతే ఆడి టైము నడుస్తాది, అయిపోతే ఎర్రజెండా పడిపోతాది, ఓడినట్టే. పద్నాలుగో ఎత్తు మీ తాతది. గెడ్డం గోక్కుంటన్నాడు. అప్పుడు కూసింది వర్క్‌షాపు హూటరు, బోయినానికి. ముప్పై ఆరేళ్ళ అలవాటు కదా, సటుక్కున లేసి సైకిలెక్కి ఇంటికెల్లిపోనాడు. ఆయన లేస్తే నానూ లేసినాను. ఎల్లి అన్నం తిన్నాను కూడాను. తిరిగొచ్చీసరికి ఆయన జెండా పడిపోయుంది. హాలంతా నవ్వే. మళ్ళీ ఆడదాం మేస్త్రీ అంటే ఇనలేదు. మీ మామ్మ సరోజమ్మ ఒండిన కాత్ల సేప వాసనేస్తన్న సేత్తోనే కప్పు నాకిచ్చి, "పులుసు బాగుందిరా, ఈ ఓటమికి సరిపోయింది" అన్నాడు. పోయీదాకా ఊరంతా సెప్పుకుని నవ్వినాడు, ఇద్దరం హూటరుకి ఆట మర్సిపోనామని.

ఇద్దరం కాదమ్మా. నాను మర్సిపోలేదు. ఆయన టైము నడుస్తంది, సూసినాను. "మేస్త్రీ, గడియారం" అంటే ఆగిపోయీవోడు. మాట నోటిదాకా ఒచ్చింది. మింగీసి ఆయనెనకే లేసినాను. అప్పట్నుంచీ ఒక్కరోజైనా ఆయనకి సెప్పలేకపోనాను, సిగ్గేసి. ఆ కప్పు మీ ఇంటికి పట్టుకెల్లిపో... ఏటలా సూస్తావు, టీ సల్లారిపోతంది, తాగు.